హాస్టల్ నెట్‌ని ఎవరు తింటున్నారు? పోర్ట్ మిర్రరింగ్‌తో చూద్దాం

ఇవాళ్టి టాపిక్ పోర్ట్ మిర్రరింగ్. పేరు వినగానే ఇదేదో పెద్ద కంపెనీల్లో సర్వర్ రూమ్‌లో కూర్చునేవాళ్ల పని, మనకెందుకులే అనుకోకండి. మీలో చాలామంది దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ గల్లీల్లో హాస్టల్‌లో ఉంటూ ఒక్క వైఫైని యాభై, అరవై మందితో పంచుకుంటున్నవాళ్లే. ఆ వైఫై మీద మీ గురించి ఎవరికి ఏం కనబడుతుంది, ఏం కనబడదు అన్న లెక్క ఈ ఒక్క సెట్టింగ్ అర్థమైతే చాలావరకు తేలిపోతుంది. వీడియోలో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. చదివేవాళ్ల కోసం ఆ బొమ్మని మాటల్లోకి దించాను, కొంచెం ఓపిక పట్టండి.

మీ రౌటర్ వెనక నాలుగైదు బొక్కలుంటాయి కదా, వైరు గుచ్చేవి. ఒక్కోటి ఒక్కో పోర్ట్. వెనకటికి స్విచ్‌ల బదులు హబ్ అని ఒక డబ్బా ఉండేది. దానికి తెలివి లేదు. ఒక పోర్ట్‌లోంచి డేటా వస్తే మిగతా అన్ని పోర్ట్‌లకీ పంపేసేది. అంటే పక్క కంప్యూటర్‌కి వెళ్లాల్సింది మీ కంప్యూటర్‌కీ వచ్చేది, కావాలంటే చదువుకోవచ్చు. స్విచ్ అలా కాదు. ఏ మెషిన్ ఏ పోర్ట్‌లో ఉందో గుర్తుపెట్టుకుని, ఎవరిది వాళ్లకే ఇస్తుంది. మంచిదే. కానీ నెట్‌వర్క్‌లో ఏదో తేడా వచ్చి, ఏం జరుగుతోందో చూద్దామని ల్యాప్‌టాప్ పెడితే మీకు మీ డేటా తప్ప ఇంకేం కనబడదు.

అక్కడ వస్తుంది మిర్రరింగ్. రెండో పోర్ట్‌లో వచ్చేది, పోయేది ప్రతిదీ ఒక జిరాక్స్ తీసి అయిదో పోర్ట్‌కి కూడా పంపు అని రౌటర్‌కి చెప్పడమే. అసలు కాయితం ఆగదు, దాని దారిన అది పోతుంది. జిరాక్స్ మాత్రం మన ల్యాప్‌టాప్‌కి వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్లకి జిరాక్స్ గురించి నేను చెప్పేదేముంది, మెటీరియల్ మొత్తం జిరాక్సే కదా! సిస్కో వాళ్లు దీన్నే స్పాన్ అంటారు, స్విచ్డ్ పోర్ట్ అనలైజర్ అని. నెట్‌వర్కింగ్ కోర్సు చేస్తున్నవాళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూలో అడుగుతారు.

ఇది కొత్త ఐడియా కూడా కాదు. 1986లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో క్లిఫర్డ్ స్టాల్ అనే ఆయనకి కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. మనమైతే పోనీలే అంటాం. ఆయన వదల్లేదు. వారాంతంలో ప్రింటర్లు, టెర్మినళ్లు ఎక్కడెక్కడివో పోగేసుకొచ్చి, ల్యాబ్‌కి బయటి నుంచి వచ్చే యాభై ఫోన్ లైన్లకీ తగిలించి, వచ్చిన ప్రతి అక్షరం కాగితం మీద పడేలా చేశాడు. లోపలికి దూరినవాడికి ఈ సంగతే తెలీదు. చివరికి వాడు జర్మనీలో కూర్చుని అమెరికా మిలిటరీ కంప్యూటర్లలోకి దూరుతున్నాడని తేలింది. మనం ఇవాళ మెనూలో రెండు బాక్సులు నింపి చేసే పనిని ఆయన ప్రింటర్లు మోసి చేశాడు.

సరే, మన ఏరియాకి వద్దాం.

ఎల్బీనగర్ నుంచి మలక్‌పేట దాకా వైఫై పెట్టడం, కెమెరాలు బిగించడం, చెడిపోతే చూడడం నా పని. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో వెనక గల్లీలో ఒక బాయ్స్ హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది. కింద మెస్, పైన నాలుగు అంతస్తులు పిల్లలు, ఆ పైన ఓనర్ ఇల్లు. మొత్తం అరవై మంది దాకా ఉంటారు. ఎక్కువ మంది నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి కోచింగ్‌కి వచ్చినవాళ్లు. 100 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్. కంప్లయింట్ ఏంటంటే రాత్రి తొమ్మిది దాటితే నెట్ పని చెయ్యదు, పన్నెండు తర్వాత దానంతటదే బాగైపోతుంది. లైన్ ఇచ్చినవాళ్ల మనిషి రెండుసార్లు వచ్చాడట, రెండుసార్లూ పగలే. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టాడు, తొంభై పైన చూపించింది, లైన్ ఓకే అని వెళ్లిపోయాడు.

ఓనర్ కాకా అప్పటికే తీర్పు ఇచ్చేసి కూర్చున్నాడు. "తమ్మీ, మూడో అంతస్తుల ఒక పోరడున్నడు. అందరికి ఫోన్లే, వానికి ల్యాప్‌టాప్ ఉన్నది. రాత్రి ఒంటి గంట దాంక లైటు బంద్ చెయ్యడు. నెట్టంత వాడే గుంజుతున్నడు. నెలాఖరుకు ఖాళీ చెయ్యుమన్న. నువ్వు జర వాడు ఏమేం జూస్తున్నడో సూపెట్టు, వాళ్ల నాయినకు ఫోన్ జేసి చెప్త."

నేను మెట్లెక్కుతుంటే ఆ పిల్లాడు ఎదురొచ్చాడు. "అన్నా, నేను గ్రూప్స్‌కి చదువుతున్న. పగలంతా లైబ్రరీల ఉంట, రాత్రి క్లాసుల రికార్డింగులు జూస్త, అంతే. ఇప్పుడు రూమ్ మారాలంటే మళ్ల అడ్వాన్స్ కట్టాలె. ఎగ్జామ్ ముందట పెట్టుకొని యాడ తిరగాలన్నా?"

ఇక్కడ ఒక మాట. మిర్రరింగ్ పెడితే అరవై మంది డేటా నా ల్యాప్‌టాప్‌లోకి వస్తుంది. ఎవరి మీద అనుమానం ఉందో వాడొక్కడిదే కాదు, అందరిదీ. అందుకే కాకాతో ముందే చెప్పాను. "ఎవరు ఎంత వాడుతున్నారో చూపిస్తా కాకా, ఏం చూస్తున్నారో మాత్రం చూపించను."

"నా బిల్డింగు, నా బిల్లు. నేను సూడొద్దా?"

"పోస్ట్ డబ్బా మీ గోడకే ఉంది. అందులో పడ్డ ఉత్తరాలు మీవి కాదు కదా కాకా."

గొణుక్కున్నాడు గానీ ఒప్పుకున్నాడు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ అనేది ప్రాథమిక హక్కు అని తేల్చారు, పుట్టస్వామి కేసులో. ఆ తీర్పు హాస్టల్ వైఫై కోసం రాసింది కాదు, నిజమే. అయినా ఈ దేశంలో ఒక మనిషి ప్రైవసీకి ఎంత విలువ ఉందో అది చెబుతుంది. ఇంకోటి, ఇది మీ అందరికీ. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ ప్రకారం సంబంధించినవాళ్ల పర్మిషన్ లేకుండా నెట్‌వర్క్‌లోకి దూరడం, డేటా కాపీ చేసుకోవడం తప్పు. మోసం చేసే ఉద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. కాబట్టి ఈ ఎపిసోడ్ చూసి హాస్టల్ రౌటర్ మీద ప్రయోగాలు చెయ్యొద్దు. మీ ఇంట్లో, మీ రౌటర్ మీద, ఇంట్లోవాళ్లకి చెప్పి చెయ్యండి.

మెస్ గోడ మీద, ఆ రోజు మెనూ రాసే బోర్డు పక్కన, ఒక కాయితం అంటించాం. ఈ రాత్రి తొమ్మిది నుంచి పది దాకా నెట్ చెకింగ్ ఉంటుంది, ఏ మెషిన్ ఎంత వాడుతోందో చూస్తాం, ఏం చూస్తున్నారో చూడం అని. నలుగురైదుగురు వచ్చి అడిగారు, చెప్పాను. అంతే, పెద్ద గొడవేం కాలేదు.

ఇప్పుడు అసలు పని. అక్కడున్నది అయిదు పోర్ట్‌ల మైక్రోటిక్ రౌటర్. ఒకటో పోర్ట్‌లో బయటి లైన్. రెండో పోర్ట్‌లోంచి ఒక వైరు ఎనిమిది పోర్ట్‌ల స్విచ్‌కి వెళ్తుంది. ఆ స్విచ్ నుంచి ప్రతి అంతస్తు వైఫై బాక్సుకి, కెమెరాల డీవీఆర్‌కి, ఓనర్ ఇంటికి ఒక్కో వైరు.

ఏ పోర్ట్‌ని జిరాక్స్ తీయాలి అన్నదే మొదటి ప్రశ్న. చాలామంది ఒకటో పోర్ట్ అంటారు, మొత్తం నెట్ అక్కణ్నుంచే కదా అని. కానీ అక్కడికి చేరేసరికి రౌటర్ అందరి అడ్రస్‌లూ కలిపి ఒకే అడ్రస్‌గా మార్చేస్తుంది. దాన్నే నాట్ అంటారు. అరవై మందీ ఒక్కరిలా కనబడతారు. ఎవరెవరో తెలియాలంటే లోపలి వైపు తీయాలి, అంటే రెండో పోర్ట్. ఇంకో చిక్కు కూడా ఉంటుంది. అంతస్తుల్లో ఉన్న వైఫై బాక్సులు రౌటర్ మోడ్‌లో ఉంటే అవీ నాట్ చేస్తాయి, ఒక అంతస్తు మొత్తం ఒక్క అడ్రస్ కింద వస్తుంది. అప్పుడు మూడో అంతస్తు ఎక్కువ వాడుతోంది అని తెలుస్తుంది గానీ, అందులో పదిహేను మందిలో ఎవరో తెలీదు. అలాంటి లెక్క చూపించి ఒకణ్ని వెళ్లగొడితే ఎంత అన్యాయం! ఇక్కడ అన్నీ యాక్సెస్ పాయింట్ మోడ్‌లోనే ఉన్నాయి, బతికిపోయాం.

విన్‌బాక్స్ అని మైక్రోటిక్ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాంతో రౌటర్‌లోకి లాగిన్ అవ్వండి. ఎడమ పక్క మెనూలో స్విచ్ అని ఉంటుంది. అందులో స్విచ్ వన్ మీద డబుల్ క్లిక్ చేస్తే మిర్రర్ సోర్స్, మిర్రర్ టార్గెట్ అని రెండు కనబడతాయి. సోర్స్‌లో ఈథర్ 2, టార్గెట్‌లో ఈథర్ 5 పెట్టి అప్లై నొక్కాలి. అయిపోయింది, నిజంగా అంతే. అయిదో పోర్ట్‌ని ముందే బ్రిడ్జ్‌లోంచి తీసేస్తే మంచిది, అందులో ల్యాప్‌టాప్ తప్ప ఇంకేం గుచ్చకూడదు. ఈ రెండు పోర్ట్‌లూ ఒకే స్విచ్ చిప్ కింద ఉండాలి. ల్యాప్‌టాప్ పోర్ట్ గిగాబిట్‌ది అయితేనే నయం. ఎందుకంటే 100 ఎంబీపీఎస్ లైన్‌లో వచ్చేది, పోయేది రెండూ కలిపితే 200 దాకా అవుతుంది, పాత 100 పోర్ట్‌లో అది పట్టదు, సగం జిరాక్సులు కింద పడిపోతాయి.

ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ ఉండాలి. ఫ్రీ సాఫ్ట్‌వేర్. 1998లో జెరాల్డ్ కూంబ్స్ ఈథరియల్ పేరుతో మొదలుపెట్టాడు, 2006లో పేరు వైర్‌షార్క్ అయింది. ఇది తెరిచి వెంటనే స్టార్ట్ నొక్కకండి. ముందు క్యాప్చర్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. అక్కడ ప్రతి ప్యాకెట్‌లో ఎన్ని బైట్లు దాచాలో చెప్పే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. నేను 64 పెట్టాను. నెట్‌లో పోయే ప్రతి ప్యాకెట్‌కీ ముందు భాగంలో ఎవరి నుంచి ఎవరికి అనేది ఉంటుంది, లోపలి సరుకు ఆ తర్వాత వస్తుంది. 64 బైట్ల దగ్గర కోసేస్తే కవరు మీది అడ్రస్ మాత్రమే జిరాక్స్ తీసి, లోపలి ఉత్తరాన్ని తాకనట్టు. కాకా తర్వాత ఎంత బతిమాలినా నా దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. అడ్రస్‌ని బట్టి ఫలానా కంపెనీ సర్వర్ అని తెలుస్తుంది గానీ, అక్కడ ఏ వీడియో చూశాడు, ఏం టైప్ చేశాడు అన్నది ఫైల్‌లోనే లేదు.

ఇంకో లాభం, ఫైల్ సైజు. 100 ఎంబీపీఎస్ లైన్ నిండా నడిస్తే నిమిషానికి 750 ఎంబీ. పది నిమిషాలు మొత్తం దాస్తే ఏడున్నర జీబీ, మామూలు ల్యాప్‌టాప్ ఏడుస్తుంది. 64 దగ్గర కోస్తే అందులో పదో వంతు కూడా రాదు.

తొమ్మిదింబావుకి స్టార్ట్ చేశాం. అప్పటికే పై నుంచి అన్నా నెట్ పోయింది అని కేకలు మొదలయ్యాయి. పది నిమిషాలు తీసి ఆపాను. స్టాటిస్టిక్స్ మెనూలో ఎండ్‌పాయింట్స్ తెరిచి, బైట్స్ మీద నొక్కి పెద్దది పైకి వచ్చేలా పెట్టాను. హాస్టల్ లోపలి అడ్రస్‌లలో అన్నిటికన్నా పైన ఎవరు? ఆ పిల్లాడి ల్యాప్‌టాపే. పది నిమిషాల్లో సుమారు 200 ఎంబీ.

"సూసినవా! నేను జెప్పలే?" అని కాకా కుర్చీలోంచి లేచాడు. పిల్లాడి మొహంలో నెత్తురు లేదు.

అక్కడితో ఆపేస్తే కథ అయిపోయేది. కానీ ఒక్క నిమిషం లెక్క వేద్దాం. పది నిమిషాల్లో ఈ లైన్ ఏడున్నర జీబీ మోయగలదు. ఆ పది నిమిషాల్లో హాస్టల్ మొత్తం కలిపి వాడింది రెండు జీబీ. అంటే పైపు పావు వంతే నిండింది. అందులో ఈ పిల్లాడి 200 ఎంబీ, క్లాసు వీడియో మంచి క్వాలిటీలో చూస్తే అంత అవుతుంది, మూడు శాతం కూడా లేదు. లిస్టులో పైనున్నాడు కాబట్టి దొంగ అనడం, క్లాసులో పొడుగున్నాడు కాబట్టి ఫ్యాన్ పగలగొట్టింది వీడే అన్నట్టు ఉంటుంది. పైపు ఖాళీగా ఉండగా నెట్ ఎందుకు ఆగుతోంది?

ఇంకోటి గమనించాను. ఆ టైమ్‌లో ముందే మొదలైన వీడియోలు ఆగట్లేదు, కొత్తగా పేజీ తెరిస్తేనే తిరుగుతూ ఉంటోంది. ఇది స్పీడ్ తగ్గిన లక్షణం కాదు. కొత్త కనెక్షన్లు దొరకని లక్షణం.

అదే స్టాటిస్టిక్స్ మెనూలో కాన్వర్సేషన్స్ అని ఇంకోటి ఉంటుంది. ఎవరు ఎవరితో ఎన్ని కనెక్షన్లు పెట్టుకున్నారో చూపిస్తుంది. అందులో టీసీపీ ట్యాబ్ నొక్కాను. ఒక్కో ఫోన్‌కి పదుల్లో, బాగా వాడేవాళ్లకి రెండు మూడు వందలు. పిల్లాడి ల్యాప్‌టాప్‌కి వంద లోపు. ఒక్క అడ్రస్‌కి మాత్రం స్క్రోల్ చేస్తున్నా అయిపోట్లేదు, పది నిమిషాల్లో పదకొండు వేలు దాటింది. ఒక్కోటీ చిన్నదే, నాలుగైదు ప్యాకెట్లు. కానీ ప్రతిదీ వేరే వేరే ఊళ్లకి, వేరే వేరే దేశాలకి. అందుకే బైట్ల లిస్టులో ఇది ఎక్కడో కింద దాక్కుంది.

ఇన్ని కనెక్షన్లయితే ఏమవుతుంది? బయటికి పోయే ప్రతి కనెక్షన్‌కీ ఒక పోర్ట్ నంబర్ కావాలి. ఈ పోర్ట్ వేరు, రౌటర్ వెనక బొక్క వేరు, పేరు ఒకటే, ఏం చేస్తాం. ఒక పబ్లిక్ అడ్రస్‌కి అలాంటి నంబర్లు 65,535 వరకే ఉంటాయి. ఇప్పుడు చాలా కంపెనీలు ఒకే అడ్రస్‌ని ఎంతోమంది కస్టమర్లకి పంచుతున్నాయి, తలా కొన్ని నంబర్లు కోటా ఇస్తాయి. మన కోటా నిండిందంటే కొత్త కనెక్షన్ తెరుచుకోదు. మెస్‌లో అన్నం వండినంత ఉంది, కంచాలన్నీ ఒక్కడే పట్టుకుని కూర్చున్నాడు. అలాగన్నమాట.

ఆ అడ్రస్ ఎవరిదో పట్టుకోవడానికి స్విచ్ దగ్గర ఒక్కో వైరు తీస్తూ చూశాం. ఒకటో అంతస్తు తీశాం, ఆగలేదు. మూడో అంతస్తు తీశాం, ఆగలేదు. డీవీఆర్ తీశాం, ఆగలేదు. పై ఇంటి వైరు తీశాం. టక్కున ఆగింది! రెండు మూడు నిమిషాల్లో అన్ని అంతస్తుల్లో పేజీలు తెరుచుకున్నాయి. మళ్లీ గుచ్చి పావుగంట ఆగాం, మళ్లీ కేకలు. ఒక్కసారి చూసి నమ్మకూడదు, అందుకే రెండుసార్లు చేశాం.

పై ఇంట్లో ఏముందో చూద్దామని వెళ్తే, టీవీ కింద అరచేతంత ఆండ్రాయిడ్ బాక్సు. దాని మీద తెలిసిన కంపెనీ పేరేం లేదు. కాకా బామ్మర్ది తెచ్చిచ్చాడట, అన్ని చానళ్లూ, కొత్త సినిమాలూ ఫ్రీ అని. రాత్రి తొమ్మిదింటికి సీరియళ్లకి పెడతారు, పడుకునేటప్పుడు పన్నెండింటికి మెయిన్ స్విచ్ ఆపేస్తారు. తొమ్మిది నుంచి పన్నెండు, లెక్క కుదిరింది కదా.

ఇలాంటి బాక్సుల సంగతి మీకు తెలియాలి. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో ఒక హెచ్చరిక ఇచ్చింది. కొన్ని చీప్ స్ట్రీమింగ్ బాక్సులు, ప్రొజెక్టర్లు కొనేటప్పటికే లోపల మాల్‌వేర్‌తో వస్తున్నాయని, లేదంటే సెటప్ చేసేటప్పుడు వేసుకోమనే యాప్‌ల ద్వారా ఎక్కుతోందని. అలా ఎక్కాక మీ ఇంటి నెట్‌ని ఎవడో ముక్కూమొహం తెలియనివాడికి దారిగా అద్దెకిస్తారు. వాడు చేసే పని మీ ఇంటి అడ్రస్ మీద బయటికి పోతుంది. రేపు ఎక్కడో మోసం జరిగి పోలీసులు ఆ అడ్రస్ పట్టుకుని వస్తే బిల్లు ఎవరి పేరు మీదుందో ఆ తలుపే కొడతారు. ఇది చెప్పినప్పుడు మాత్రం కాకా నిజంగా భయపడ్డాడు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పోతుందా అంటే, మాల్‌వేర్ సిస్టమ్ లోపలే పెట్టి పంపితే రీసెట్‌తో పోదు. తీసి పక్కన పడేయడమే. కొనేటప్పుడు ప్లే ప్రొటెక్ట్ సర్టిఫైడ్ అని సెట్టింగ్స్‌లో చూపిస్తోందో లేదో చూసుకోండి.

పిల్లాడు అదే రూమ్‌లో ఉన్నాడు. బాక్సు తీసేసినందుకు కాకా ఇంట్లో రెండు రోజులు గొడవైందని విన్నా, అది మన సబ్జెక్ట్ కాదు.

ఇప్పుడు మీ వైపు నుంచి చూద్దాం. నాలాగా 64 దగ్గర కోయకుండా ఎవరైనా మొత్తం జిరాక్స్ తీస్తే మీ ఫోన్ గురించి ఏం తెలుస్తుంది? వాట్సాప్ మెసేజ్‌లో అక్షరాలు తెలియవు, 2016 నుంచి అవి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్. వాట్సాప్ వాడుతున్నారని మాత్రం తెలుస్తుంది. బ్యాంకు యాప్ పిన్ తెలీదు. తాళం గుర్తుండే సైట్లలో ఏ పేజీ చదివారో తెలీదు. కానీ సైటు పేరు చాలాసార్లు తెలుస్తుంది. ఎందుకంటే సైటు తెరిచే ముందు ఫోన్ దాని అడ్రస్ ఏంటని అడుగుతుంది, అదే డీఎన్‌ఎస్. ఆ ప్రశ్న మామూలుగా దాపరికం లేకుండా పోతుంది. ఇన్‌కాగ్నిటో పెట్టాం కదా అంటారు. అది మీ ఫోన్ హిస్టరీలో పడకుండా చేస్తుంది అంతే, వైరు మీద తేడా ఏం లేదు.

ఆండ్రాయిడ్ 9 నుంచి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని ఒకటి ఉంది. దాన్ని ఆన్ చేస్తే ఆ ప్రశ్న కూడా కవర్‌లో పోతుంది. అయినా కనెక్షన్ మొదట్లో సైటు పేరు ఇంకోచోట బయటపడే అవకాశం ఉంది, కాబట్టి పూర్తి ముసుగు అనుకోకండి. వీపీఎన్ పెడితే హాస్టల్‌వాళ్లకి కనబడదు, వీపీఎన్ నడిపేవాడికి కనబడుతుంది. ఫ్రీ వీపీఎన్ అయితే వాడెవడో, వాడి ఖర్చు ఎలా గడుస్తోందో ఒకసారి ఆలోచించండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. వైఫై కావాలంటే ఈ సర్టిఫికేట్ ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసుకో అని ఏ హాస్టల్, ఏ కోచింగ్ సెంటర్ అడిగినా చెయ్యొద్దు. దాంతో కవర్లు విప్పి చదివి మళ్లీ అంటించడం సాధ్యమవుతుంది.

గేమ్ ఆడేవాళ్లని కూడా ఓనర్లు ఊరికే తిడుతుంటారు. మొబైల్ గేమ్ ఆడేటప్పుడు పోయే డేటా చాలా తక్కువ, వీడియోతో పోలిస్తే లెక్కలోకి రాదు. అప్‌డేట్ పడినప్పుడు మాత్రం జీబీల్లో లాగుతుంది, అది తెల్లవారుజామున పెట్టుకోండి.

మరి మైక్రోటిక్ లేనివాళ్లు? లైన్ ఇచ్చినవాళ్లు ఫ్రీగా ఇచ్చే రౌటర్లలో మిర్రరింగ్ మెనూ చాలావరకు ఉండదు. అలాంటి చోట టీపీ-లింక్ ఈజీ స్మార్ట్ స్విచ్ లాంటిది మధ్యలో పెట్టొచ్చు. సికింద్రాబాద్ సీటీసీలో అడగండి, కానీ మామూలు స్విచ్ కాదు, ఈజీ స్మార్ట్ అని చూసి తీసుకోండి, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. బ్రౌజర్‌లో దాని పేజీ తెరిచి మానిటరింగ్‌లో పోర్ట్ మిర్రర్‌లోకి వెళ్తే, జిరాక్సు ఎక్కడికి రావాలి, ఏ పోర్ట్‌ది రావాలి, వచ్చేదా పోయేదా రెండూనా అని అడుగుతుంది. రెండూ పెట్టండి. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం మర్చిపోవద్దు, లేకపోతే మీరు పెట్టిన అద్దంలో ఇంకెవరో మొహం చూసుకుంటారు.

ఎల్బీనగర్ రింగ్ రోడ్ దగ్గర ఒక షాపులో నేను వాడింది ఈ స్విచ్చే. అక్కడ ఒక్క డీవీఆర్ పోర్ట్‌నే మిర్రర్ చేశాను. మన దగ్గర డీవీఆర్ లేని షాపు, హాస్టల్ ఉండవు కదా. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలుళ్లు జరిగాయి. జనం ఎక్కువగా వచ్చిపోయే చోట కెమెరాలు ఉండాలని చెప్పే పబ్లిక్ సేఫ్టీ చట్టం కూడా 2013దే. కెమెరాలు వచ్చాయి, బాగానే ఉంది, పాస్‌వర్డ్ మాత్రం డబ్బాలోంచి వచ్చినప్పటిదే చాలాచోట్ల. ఆ షాపు డీవీఆర్ మామూలుగా ఓనర్ ఫోన్‌కి వీడియో పంపాలి, అంతే దాని పని. అది ఊరూపేరూ లేని అడ్రస్‌లన్నిటికీ 23వ నంబర్ పోర్ట్ మీద తలుపు తట్టుకుంటూ తిరుగుతోంది. 23 అంటే టెల్‌నెట్. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాలు, డీవీఆర్‌లలోకి సరిగ్గా ఇలాగే డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లతో దూరింది. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటివాటిని డిన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీదికి ఉసిగొల్పితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటలకొద్దీ తెరుచుకోలేదు. ఎల్బీనగర్‌లో దుమ్ముపట్టిన ఒక డబ్బాకీ, ఆ గొడవకీ మధ్య ఉన్నది ఒక్క పాస్‌వర్డే. డీవీఆర్‌కి కరెంట్ తీసేసి, కంపెనీ సైటు నుంచి కొత్త ఫర్మ్‌వేర్ వేసి, పాస్‌వర్డ్ మార్చి, బయటి నుంచి నేరుగా లోపలికి వచ్చే పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేశాం. మళ్లీ అరగంట మిర్రర్‌లో చూస్తే 23 కనబడలేదు.

పని అయ్యాక చెయ్యాల్సినవి చెప్పి ముగిస్తా. మిర్రర్ సోర్స్, టార్గెట్ రెండూ నన్ అని పెట్టి అప్లై చెయ్యాలి. అలాగే వదిలేస్తే ఆ అయిదో పోర్ట్‌లో రేపు ఎవడు వైరు గుచ్చితే వాడికి అందరి జిరాక్సులూ వస్తూనే ఉంటాయి. బ్రిడ్జ్‌లోంచి తీసిన పోర్ట్‌ని తిరిగి అందులో కలపాలి. క్యాప్చర్ ఫైల్‌ని డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యాలి. హాస్టల్‌లో నేను ఆ పని పిల్లల ముందే చేశాను, మెస్ గోడ మీది కాయితం కూడా పీకేశాం.

వచ్చే ఎపిసోడ్‌లో వైర్ లేకుండా మైక్రోటిక్‌లోనే ఉండే టార్చ్ అనే టూల్‌తో ఇదే లెక్క ఫోన్‌లోంచి ఎలా చూడొచ్చో చెప్తాను. ఉంటా మరి.